శయ్యాపార్శ్వమున విద్యార్థి

ఆస్ట్రేలియాకు ఉన్నతవిద్యకై తరలిపోవు తెలుగు యువతీయువకులలో అనేకులు, చేరిన చదువు కంప్యూటర్ శాస్త్రమైనను, వాణిజ్యమైనను, నర్సింగే ఐనను, సిడ్నీ నగరపు పడమటి పేటలలో నలుగురైదుగురు కలసి ఒక యిల్లు అద్దెకు తీసికొని కుదుటపడిన కొన్ని మాసములకు, వారమున రెండుమూడు దినములు కోడికూతవేళకే లేచి, ఏడుగంటల డ్యూటీ అందుకొనుటకై ఏదో యొక వృద్ధసంరక్షణ గృహమునకు బయలుదేరుచుందురు. అచ్చట వారి ఉద్యోగమునకు 'అసిస్టెంట్ ఇన్ నర్సింగ్' అని పేరు. తోటివారి వాడుకలో అది ఏ.ఐ.ఎన్. మెల్బోర్న్ నగరమున్న విక్టోరియా రాష్ట్రములో ఇంచుమించు ఈ పనినే చేయువారిని 'పర్సనల్ కేర్ అసిస్టెంట్', అనగా పి.సి.ఏ. అందురు. గుంటూరులోనో కరీంనగరులోనో ఉన్న తల్లిదండ్రులకు మాత్రము "ఆసుపత్రిలో పార్ట్‌టైమ్ చేస్తున్నాడు" అన్నంతవరకే తెలియును. అంతకుమించి వారు అడుగరు, వీరు చెప్పరు. అడుగకపోవుటకు మొగమాటమును, చెప్పకపోవుటకు సిగ్గును కారణములు. ఈ రెండును అక్కరలేనివని నా దృఢవిశ్వాసము. ఆ పని యెట్టిదో, దానికి చట్టము విధించిన హద్దులెట్టివో, దానివలన విద్యార్థికి ఒనగూడునదేమో, పోవునదేమో ఎఱిగిన కుటుంబమున అవి నిలువజాలవు.

మొదట చట్టమును చెప్పుకొందము, ఏలయన తక్కినదంతయు ఆ కట్టుబాటులోనే నడువవలెను. విద్యార్థి వీసాకు అచ్చట 500వ ఉపతరగతి అని సంఖ్య. ఆ వీసాపై దిగినవాడు తన కోర్సు ఆరంభమగువరకు జీతపు పనికి పోరాదు. ఆరంభమైన పిదప, తరగతులు జరుగు కాలమున రెండు వారములకు 48 గంటలకు మించి పనిచేయరాదు. సెలవులలో ఈ పరిమితి లేదు. పరిశోధనద్వారా మాస్టర్స్ పట్టమునకును డాక్టరేటునకును చదువువారికి, చదువు మొదలైన పిమ్మట, ఇది వర్తింపదు. కోవిడ్ కాలమున పనివారు దొరకక ప్రభుత్వము ఈ నియమమును సడలించి, 2023 జూలై 1 నుండి మరల బిగించినది. పూర్వము 40 గంటలుగా నున్న హద్దు అప్పుడు 48 అయినది. వృద్ధసంరక్షణలో అప్పటికే కుదిరియున్న విద్యార్థులకు మాత్రము ఆ సంవత్సరాంతమువరకు మినహాయింపు నొసగిరన్నచో, ఆ గృహములలో మనుష్యుల కొరత ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

ఈ లెక్కలో పలువురు జాఱిపడు మెలిక యొకటి కలదు. చట్టము చెప్పు రెండు వారములు జీతము చేతికందు రెండు వారములు కావు. సోమవారముతో మొదలగు ఏ పదునాలుగు దినములైనను అవి యగును. ఒక వారమున 18 గంటలు, మఱుసటి వారమున 30 గంటలు చేసినవాడు, నలువదియెనిమిదియు నిండినవి గదా, ఇక క్రొత్త లెక్కయని తలచి మూడవ వారమున 22 గంటలు చేసినచో, రెండవ మూడవ వారములు కలసి 52 అయి, తెలియకుండగనే వీసా షరతును మీఱినవాడగును. రెండుచోట్ల పనిచేయువాడు రెంటి గంటలును కలిపియే కూడవలెను. షరతు మీఱినచో వీసా రద్దగు ప్రమాదము కలదు కనుక, ఈ పనిలో ప్రవేశించు ప్రతి విద్యార్థియు తన గంటలను తానే ఒక పుస్తకమున వ్రాసికొనుట అత్యవసరము. రోస్టరు వేయువారికి ఆ చింత ఉండదు.

ఆ దేశమున ఈ పనికి ఇంతటి గిరాకి కలుగుటకు వెనుక నొక బాధాకరమైన చరిత్ర కలదు. వృద్ధుల సంరక్షణ యెట్లు జరుగుచున్నదో విచారించుటకై 2018 అక్టోబరులో నియమింపబడిన రాయల్ కమిషన్, మఱుసటి యేట ప్రకటించిన మధ్యంతర నివేదికకు 'నిర్లక్ష్యము' అనియే పేరుపెట్టెను. 2021 మార్చిలో వెలువడిన తుదినివేదిక 148 సిఫారసులు చేసినది. తదనుసారముగా, రేయింబవళ్లు గృహమున రిజిస్టర్డ్ నర్సు ఒకరు ఉండితీరవలెనన్న నిబంధన 2023 జూలైలో వచ్చినది. ఒక్కొక్క నివాసికి దినమునకు సగటున 200 నిమిషముల సంరక్షణ అందవలెనని ఆ యేటి అక్టోబరులో మొదలైన లెక్క, 2024 అక్టోబరు నాటికి 215 నిమిషములకు పెరిగినది. ఇందులో రిజిస్టర్డ్ నర్సు చేయవలసినది 44 నిమిషములు. మిగిలిన కాలములో అధికభాగము నడుచునది ఏ.ఐ.ఎన్.ల చేతులమీదుగానే.

అట్లని పోయిన ప్రతివానిని చేర్చుకొనరు. సాధారణముగా 'ఇండివిడ్యువల్ సపోర్ట్' అను సర్టిఫికెట్-3 చదువును పూర్తిచేసియుండవలెను. అందు భాగముగా కనీసము 120 గంటలు ఏదేని సంరక్షణ గృహమున జీతము లేక శిక్షణ పొందవలెను. పోలీసు విచారణ పత్రము, టీకాల దాఖలా, బరువులెత్తు విధమునందు శిక్షణ, ఇవన్నియు ఉండవలెను. బి.ఎస్సీ. నర్సింగు అచ్చటనే చదువువారిని, మొదటి సంవత్సరము ముగిసినచో, పెక్కు సంస్థలు ఈ సర్టిఫికెట్ లేకయే తీసికొనును. ఇఁక మన రాష్ట్రములలో జి.ఎన్.ఎం.గాని బి.ఎస్సీ. నర్సింగుగాని చదివి, ఇచ్చటి ఆసుపత్రులలో కొన్నేండ్లు పనిచేసి, అచ్చటికి మాస్టర్స్ చదువునకు పోయినవారి స్థితి మిక్కిలి చిత్రమైనది. 'ఆప్రా' అను ఆ దేశపు నమోదు సంస్థ గుర్తింపును సంపాదించువరకు, అనగా ఇంగ్లీషు పరీక్షయు, పిమ్మట ఎన్.సి.ఎల్.ఇ.ఎక్స్. అను నర్సింగు అర్హతాపరీక్షయు, ఆపై ప్రయోగపరీక్షయు దాటవలసిన వారందఱు దాటువరకు, వారు నర్సులు కారు. ఇచ్చట ఐ.సి.యు.లో వెంటిలేటరును చూచుకొన్న చేయి అచ్చట సూదిమందు నంటరాదు. ఆ కాలమును అవమానముగా భావించి కృశించినవారును కలరు, ఆ దేశపు ఆసుపత్రిభాషయు ఆచారమును నేర్చుకొను అవకాశముగా గ్రహించినవారును కలరు. రెండవవారే త్వరగా గట్టెక్కుదురు.

పని యెట్లుండును? ఉదయపు షిఫ్టు 'హ్యాండోవర్'తో ఆరంభమగును. రాత్రి నర్సు, ఎవరు నిద్రపోలేదో, ఎవరు పడినారో, ఎవరు మందు వద్దన్నారో చెప్పును. శ్రద్ధగలవాడు దానిని కాగితముపై వ్రాసికొనును. పిమ్మట తన వంతునకు వచ్చిన నివాసుల గదులు. తలుపు తట్టి, పేరుపెట్టి పలుకరించి, తన పేరు చెప్పి, స్నానమునకు లేపవచ్చునా యని అడిగి, వారు సరేయన్న తరువాతనే దుప్పటి తొలగింపవలెను. పురుషుని చేత స్నానము చేయించుకొనుటకు ఒక వృద్ధురాలు ఇష్టపడనిచో, ఆమె మాటయే చెల్లును. వేఱొక సహాయకురాలు రావలెను. నీటివేడి మొదట తన మణికట్టుపై చూచుకొనవలెను. ముఖము ముందు, మర్మాంగములు చివర. ఒక భాగము తుడుచునపుడు తక్కిన దేహము తువాలుచేత కప్పియుండవలెను. వినుటకు ఇవి స్వల్పవిషయములుగా తోచవచ్చును. ఎనుబదియైదేండ్ల బ్రదుకును స్వతంత్రముగా గడపి, కడపట ఒక అపరిచితుని యెదుట వివస్త్రయై కూర్చుండవలసి వచ్చిన మనిషికి, ఆ కప్పిన తువాలే ఆనాటి గౌరవమంతయు.

స్నానవేళ మఱియొక ముఖ్యకార్యము జరుగును, ఏ.ఐ.ఎన్. ఆ దేహమును చదువును. వైద్యుడు అరుదుగా వచ్చును, రిజిస్టర్డ్ నర్సు అనేకులను చూడవలెను. నడుము క్రింది ఎముకపైనను, మడమలపైనను, తుంటిపైనను చర్మము ఎఱ్ఱబాఱి, వ్రేలితో నొక్కినను ఆ ఎఱుపు తెల్లబడకున్నచో, అది ఒత్తిడివలన పుట్టు పుండునకు మొదటి దశయని గుర్తింపగలవాడు ప్రతిదినము ఆ చర్మమును చూచువాడే. శరీరచ్ఛాయ నల్లనిదైనచో ఎఱుపు కనబడదు. వేడిమిచేతను, గట్టిదనముచేతను, ఛాయలోని మార్పుచేతను పోల్చుకొనవలెను. ఆనాడే నర్సుతో చెప్పి, ప్రక్క మార్చు వేళలను నిర్ణయించి, మడమలు పరుపునకు తగులకుండ ఎత్తి పెట్టినచో అది మానును. ఉపేక్షించినచో నాలుగవ దశకు, అనగా ఎముక కనబడువరకు పోవును. అట్లే, నిన్నటివఱకు స్పష్టముగా మాటలాడిన ముసలియామె నేడు తబ్బిబ్బు పడుచున్నదన్నను, మూత్రపు వాసన మాఱినదన్నను, మూడు దినములుగా విరేచనము కాలేదన్నను, ఆ సమాచారమునకు తొలిసాక్షి ఈ సహాయకుడే. దానిని కంప్యూటరులో వ్రాయుటయు, నర్సుతో నోటిమాటగా చెప్పుటయు రెండును అతని విధులు. వ్రాయనిది జరుగనట్లేయని అచ్చట శిక్షకులు మొదటినాడే బోధింతురు.

మంచమునుండి కుర్చీకి మార్చుట బలముతో చేయు పని యని మనవారు తలతురు. బలముతో ఎత్తబోయినవాని నడుము కొన్నినెలలలో చెడును. వృద్ధుని భుజమును నలుగును. జాఱెడు గుడ్డలు, నిలుచుండుటకు సాయపడు యంత్రము, జోలెవంటి పట్టీతో పూర్తిగా ఎత్తు 'లిఫ్టర్', ఒక్కొక్కరికి ఏది తగునో ఫిజియోథెరపిస్టు నిర్ణయించి వ్రాసియుంచును. లిఫ్టరును ఇద్దఱుండి నడుపవలెనన్నది సాధారణనియమము. ఒక్కడే, తొందరలో, రెండవవాడు రాలేదని తానే నడిపి ప్రమాదము తెచ్చిన పక్షమున, సాకులు చెల్లవు. ఎవరేని నేలపై పడియుండగా చూచినప్పుడు, మన అలవాటుచొప్పున పరుగెత్తి లేవనెత్తుట పెద్ద తప్పు. నర్సు వచ్చి, తుంటియెముక విఱుగలేదని పరీక్షించువరకు కదలింపరాదు, విడిచి పోరాదు, ప్రక్కన కూర్చుండి మాటలాడుచుండవలెను.

భోజనము పెట్టుటలోని విద్య యింకను సూక్ష్మమైనది. పక్షవాతము వచ్చినవారికిని, మతిమఱపు ముదిరినవారికిని మ్రింగుట కష్టమగును. పలుచని నీరు ఊపిరితిత్తులలోనికి జాఱి న్యుమోనియా కలిగించును. అందుచేత నీటిని సైతము చిక్కపఱచి ఇత్తురు. ఆహారపానీయముల చిక్కదనమునకు 0 మొదలు 7 వరకు అంతర్జాతీయముగా నిర్ణీతమైన మెట్లు కలవు, ఏ నివాసికి ఏ మెట్టో ఫలకముపై నుండును. పెట్టువాడు నిలుచుండరాదు, కన్నులు సమముగా నుండునట్లు కూర్చుండి, చిన్న చెంచాతో నిచ్చి, మ్రింగినట్లు గొంతు కదలుటను చూచి, అప్పుడు రెండవ చెంచా. పసిబిడ్డకు గోరుముద్దలు తినిపించు తల్లి యోర్పు ఇచ్చట కావలయును. ఐనను ఎదుట నున్నది పసిబిడ్డ కాదనియు, ఆ మనిషి వద్దన్న ముద్ద వద్దేననియు మఱువరాదు.

మతిమఱపు వ్యాధిగ్రస్తులను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇటలీనుండియు గ్రీసునుండియు వచ్చి, మెల్బోర్న్, సిడ్నీ నగరములలో కర్మాగారములను నడిపి, ఇండ్లు కట్టి, సంతానమును పెంచిన తరమువారు నేడు ఈ గృహములలో నున్నారు. వ్యాధి ముదిరినకొలది, పెద్దయైన తరువాత నేర్చిన ఇంగ్లీషు ముందుగా జాఱిపోవును. బాల్యపు భాషయే మిగులును. ఆ యింటిలో ఎవరికిని తెలియని గ్రామ్య ఇటాలియనులో ఒక వృద్ధుడు సాయంవేళ తన తల్లికొఱకు వెదకుచుండగా, ఇంగ్లీషు ఇంకను పూర్తిగా పట్టుపడని ఒక తెలుగు విద్యార్థి అతని చేయి పట్టుకొని వరండాలో నడుచుచుండుట ఈ గృహములలో నిత్యదృశ్యము. ప్రొద్దుగ్రుంకు వేళకు కొందఱి కలవరము పెచ్చుపెఱుగును. అప్పుడు "మీ అమ్మ చనిపోయి యాభై యేండ్లయింది" అని సత్యము చెప్పుట వారికి క్రొత్తగా మరణవార్త చెప్పుటయే. ఆమె యెట్లుండెడిదని అడుగుట మేలు. స్నానమునకు రానని చేయి విసరినవానితో పెనుగులాడక, వెలుపలికి వచ్చి, పది నిమిషములాగి మరల నవ్వుచు పోవుటయే పద్ధతి. కుర్చీకి కట్టుట, తలుపు బిగించుట వంటి నిర్బంధములను చట్టము కఠినముగా నియంత్రించుచున్నది. నివాసిని కొట్టుట, దూషించుట, ఉపేక్షించుట మొదలగు ఘోరసంఘటనలను ప్రభుత్వ పర్యవేక్షణ సంస్థకు తెలుపవలెనన్న పద్ధతి 2021 ఏప్రిల్ నుండి అమలులో నున్నది. మిక్కిలి తీవ్రమైనవానిని 24 గంటలలో తెలుపవలెను. తోటివాడు చేసిన తప్పును చూచి ఊరకుండుట స్నేహధర్మము కాదని మన విద్యార్థులు గట్టిగా గ్రహింపవలెను.

మరణమును చూచుటయు ఈ పనిలో భాగమే. ఇరువదిరెండేండ్ల వయస్సున, ఇంటిలో తాతగారు పోయినప్పుడు సైతము పెద్దలు దగ్గఱకు రానీయని పిల్లవాడు, అచ్చట ఎండిన పెదవులను తడిపి, ప్రక్క మార్చి, తుదిశ్వాస పిమ్మట నర్సుతో కలసి ఆ దేహమును కడిగి, మంచి వస్త్రములు తొడుగును. మొదటిసారి అది జరిగిననాడు అతనిని పలుకరించువారెవరేని కావలెను. అది ఎవరికిని చెప్పుకొనరాని పని యని మనమే నేర్పియుంచినచో, ఆ రాత్రి అతడెవరికి ఫోను చేయును?

ఇచ్చటనే మన సమాజమును గూర్చి ఒక మాట నిష్కర్షగా చెప్పవలసియున్నది. "ఇంత అప్పుచేసి పంపితే ఆయా పని చేస్తున్నాడా?" అను ప్రశ్నలో రెండు అన్యాయములున్నవి. ఒకటి, మన ఆసుపత్రులలోని ఆయాలను, వార్డుబాయిలను మనమెంత తక్కువగా చూచుచున్నామో అది వెల్లడించును. రెండు, మన యిండ్లలో మంచముపట్టిన అత్తగారికి కోడలో, తల్లికి కూతురో ఏండ్లతరబడి ఈ పనినే చేయుచుండగా, దానికి పేరుగాని విలువగాని లేదనుకొనుటకు అలవాటుపడినాము. ఈ దృష్టి మనకు మాత్రమే పరిమితమైనది కాదు. ఆస్ట్రేలియాలో వేతనములను నిర్ణయించు ఫెయిర్ వర్క్ కమిషన్, 2023 జూన్ 30 నుండి వృద్ధసంరక్షణలోని ప్రత్యక్షసేవకులకు 15 శాతము జీతము పెంచి, 2024 మార్చి నాటి తీర్పులో, ఇది స్త్రీలు చేయు పని యన్న భావనచేతనే చరిత్ర పొడవునను దీనికి తక్కువ వెలకట్టబడినదని అంగీకరించి, మఱియు పెంచినది. అంతకు నూటయేబది యేండ్లకు పూర్వము, 1868 మార్చిలో, ఫ్లారెన్స్ నైటింగేలు పాఠశాలలో శిక్షణ పొందిన లూసీ ఆస్బర్న్ ఐదుగురు నర్సులతో సిడ్నీ ఇన్ఫర్మరీకి వచ్చినప్పుడు, ఆ భవనము మురికితోను క్రిమికీటకములతోను నిండియుండెను, ఆమెను నిందించినవారనేకులు. 1873 నాటి రాయల్ కమిషన్ ఆమె పక్షమున నిలిచినది. ఆమె అచ్చట మొదట సాధింపబూనినది శుభ్రతను. దేహమును శుభ్రముగా నుంచు పనిని హీనమనువారికి, ఆధునిక నర్సింగు అచ్చటనుండియే మొలకెత్తినదని తెలియదు.

ఐతే గౌరవము వేఱు, దోపిడి వేఱు. పనిని గౌరవించుమన్న మాటను అడ్డుపెట్టుకొని తక్కువ జీతమునకు ఒడంబడుమనువారు కలరు. వీసా ఏదైనను, కనీసవేతనము, పేస్లిప్పు, విరామము, సూపర్ అను పదవీవిరమణనిధి (2025 జూలై నుండి జీతములో 12 శాతము) స్థానికులకెట్లో విద్యార్థికిని అట్లే హక్కులు. క్యాజువల్‌గా పనిచేయువానికి జీతముతోకూడిన సెలవులుండవు కనుక గంటజీతముపై 25 శాతము అదనముగా నీయవలెను. నిజముగా ఉద్యోగిగా నున్నవానిని స్వతంత్ర వ్యాపారిగా చూపి ఏ.బి.ఎన్. అను వ్యాపారసంఖ్యమీద జీతమిచ్చుట మోసము. మీ గంటలు మించినవని ప్రభుత్వమునకు చెప్పెదనని బెదిరించి పనిచేయించుకొను యజమాని, 2024 జూలై 1 నుండి, నేరస్థుడు. దోపిడికి గురియైనవాడు ముందుకు వచ్చి సాయము కోరినచో, షరతు మీఱినంతమాత్రమున వీసా పోకుండ కాపాడు ఏర్పాట్లును ఆ కాలముననే చేసిరి. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఫిర్యాదు ఉచితము. బెదిరింపునకు లొంగి మౌనము దాల్చుటకంటె ఇది వేయిరెట్లు క్షేమము.

చదువుతో దీనిని జతపఱచుట మఱియొక సమస్య. నర్సింగు విద్యార్థి పట్టము పొందుటకు కనీసము 800 గంటలు ఆసుపత్రులలో జీతము లేని శిక్షణ పొందవలెను. కోర్సులో భాగమగుటచే అది 48 గంటల లెక్కలోనికి రాదు, ఏ.ఐ.ఎన్.గా సంపాదించిన అనుభవము ఆ 800 గంటలలో జమకాదు. కావున ఐదు దినములు శిక్షణకు పోయి, శని ఆదివారములు డ్యూటీ చేసి, మరల సోమవారము ఉదయము వార్డులో నిలుచుండు వారములు వచ్చును. నిద్రలేని సహాయకుడు చిక్కపఱచని నీటిని చిక్కపఱచినదనుకొని ఇచ్చు ప్రమాదము కలదు. నిద్రలేని విద్యార్థి పరీక్ష తప్పును, తప్పినచో మరల కట్టవలసిన రుసుము అతడు నెలలతరబడి కూడబెట్టినదానిని ఒక్కసారిగా మ్రింగును. గంటల పరిమితిని మనవారు పలువురు సంకెలగా నెంచుచున్నారు. నాకు మాత్రము అది చదువునకును, మంచముపై నున్న ఆ వృద్ధునకును కూడ రక్షయని తోచును.

తల్లిదండ్రులారా, విద్యార్థి వీసా దరఖాస్తునకే నేడు 2,000 ఆస్ట్రేలియా డాలర్లగుచున్నవి. ఒక సంవత్సరము జీవనవ్యయమునకు 29,710 డాలర్లు చూపవలెనని 2024 మే నుండి నియమమున్నది. ఆ సొమ్మును కాగితముమీద చూపుటకు మాత్రమే తెచ్చి, వీసా రాగానే తిరిగి యిచ్చివేసి, మిగిలినది పిల్లవాడు అచ్చట సంపాదించుకొనునను ధైర్యముతో పంపకుడు. 48 గంటల జీతము అద్దెకును తిండికిని ఆసరా కాగలదు. ఫీజులను, బ్యాంకు వాయిదాలను దానిమీద మోపినచో, మీరే అతనిని చట్టమును మీఱునట్లు త్రోయుచున్నవారగుదురు. మొదటి సంవత్సరపు ఖర్చును చేతనుంచుకొనియే పంపుడు. అతడు ఏ పని చేయుచున్నాడో వివరముగా అడుగుడు, అతడు చెప్పినదానిని సిగ్గుపడక బంధువులకు చెప్పుడు. ఈ వారము ఎన్ని గంటలు చేసితివని అడిగినప్పుడు, తక్కువ చేసితినన్న సమాధానమునకు సంతోషింపుడు.